పిల్లలకి టీఎంటీ అయ్యాక ఎకో: మంచం ఎక్కించేలోపే హార్ట్ రేట్ పడిపోతోంది

పాలకొల్లు_ఎకో:

పెద్దవాళ్లకి స్ట్రెస్ ఎకోలు, అంటే ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి (టీఎంటీ) వెంటనే తీసే గుండె అల్ట్రాసౌండ్లు, బానే జరిగిపోతున్నాయండి. పిల్లల దగ్గరికొచ్చేసరికే చిక్కు. 8 నుంచి 14 ఏళ్ల లోపు వాళ్లు వస్తున్నారు: కవాసాకి జబ్బు (పిల్లల్లో రక్తనాళాలు వాచే జబ్బు) తర్వాత కరొనరీలు (గుండె కండరానికి రక్తం తెచ్చే ధమనులు) ఉబ్బినవాళ్లు, పసితనంలో ఆర్టీరియల్ స్విచ్ ఆపరేషన్ (తారుమారుగా పుట్టిన పెద్ద ధమనుల్ని సరిచేసేది) అయినవాళ్లు, రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ వాల్వు బిగిసినవాళ్లు.

ట్రెడ్‌మిల్ మీద రేటు 186 చూపిస్తుంది. బెల్టు ఆపి, మంచం ఎక్కించి, ఎడమ పక్కకి తిప్పి, మొదటి బొమ్మ పట్టేసరికి 150. నాలుగో వ్యూ దొరికేసరికి 125. ఆ లూపులు (చిన్న వీడియో ముక్కలు) చూసి "ఇస్కీమియా లేదు" అని, అంటే గుండె కండరానికి రక్తం చాలుతోందని, రాయాలంటే చెయ్యి ఆడట్లేదు.

ఒకే గదిలో ట్రెడ్‌మిల్లూ ఎకో మెషీనూ ఉన్నాయి. పడుకుని తొక్కే సైకిల్ లేదు, ఇప్పట్లో కొనరు. అడగాల్సినవి మూడు. ఆ మొదటి నిమిషంలో ఏ వ్యూ ముందు తియ్యాలి? టీఎంటీ సాఫ్ట్‌వేర్ 220లోంచి వయసు తీసేసి, అందులో 85 శాతం రాగానే టార్గెట్ అయిపోయిందంటుంది, అక్కడ ఆపెయ్యొచ్చా? రేటు 180 మీదుంటే గోడ కదలిక కంటికి ఆనట్లేదు, బొమ్మ గెంతుతున్నట్టుంది. ఇది మెషీన్ లోపమా, సెట్టింగు లోపమా?

గోదారిగట్టు:

మూడోదానితో మొదలెడతానండి. అది సరిచేసుకోకపోతే మిగతా రెండూ చేసినా దండగే.

రేటు 190 అంటే ఒక్కో బీటుకి 316 మిల్లీసెకన్లు. అందులో సిస్టోలు, అంటే గుండె ముడుచుకునే సమయం, సగం అనుకోండి. ఫ్రేమ్ రేటు 30లో ఉంటే ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య 33 మిల్లీసెకన్లు, అంటే సిస్టోలు మొత్తానికి చేతికొచ్చేవి నాలుగైదు బొమ్మలు. గోడ ఎక్కడ మందమైందో, ఎక్కడ ఆలస్యమైందో నాలుగు బొమ్మల్లో ఎవరికీ కనపడదు. అదే 80లో ఉంటే డజను బొమ్మలొస్తాయి. కాబట్టి మెషీన్‌ని తిట్టకండి, సెట్టింగే.

పెద్దవాళ్ల ప్రీసెట్‌లో డెప్త్ 16 సెంటీమీటర్లలో ఉండిపోతుంది. పదేళ్ల పిల్లకి ఏపికల్ (గుండె కొన దగ్గర్నుంచి తీసే) వ్యూల‌లో 11, 12 చాలు. సెక్టారు వెడల్పు ఎల్వీ (ఎడమ వెంట్రికల్) పట్టేంత వరకే ఉంచండి. ఏట్రియాలు తెగిపోయినా నష్టం లేదు, ఇక్కడ వాటితో పని లేదు. ఫోకస్ ఒకటే, ఎల్వీ మధ్యలో. కలర్ ఆపెయ్యండి. ఇవన్నీ కలిపి "పిల్లల స్ట్రెస్" అని వేరే ప్రీసెట్‌గా దాచుకోండి. రెస్ట్ బొమ్మలూ పరుగు తర్వాత బొమ్మలూ ఒకే డెప్త్‌లో ఉండాలి. లేకపోతే పక్కపక్కన పెట్టినప్పుడు గుండె చిన్నదైందో, డెప్త్ మారి చిన్నగా కనపడుతోందో తెలియక తల పట్టుకోవాలి.

ఇంకోటి చాలామంది పట్టించుకోరు. లూపు తీసే పద్ధతి బీట్ల లెక్కలో ఉంటే మార్చి సెకన్ల లెక్కలో పెట్టండి, 2 లేదా 3 సెకన్లు. పరుగెత్తి వచ్చిన పిల్లాడి ఈసీజీ గీత వణుకుతూ ఉంటుంది, టీ వేవు ఎత్తుగా లేస్తుంది. మెషీన్ దాన్నే క్యూఆర్ఎస్ (బీటుని గుర్తుపట్టే పెద్ద గీత) అనుకుని సగం బీటు దగ్గర లూపు కోసేస్తుంది. తర్వాత చూసుకుంటే నాలుగు కిటికీల్లో నాలుగు రకాల ముక్కలుంటాయి. సెకన్ల లెక్కలో తీస్తే రేటు 180 దగ్గర 3 సెకన్లకి 9 బీట్లు దొరుకుతాయి, వాటిలో ఊపిరి అడ్డం రాని బీటు తీరిగ్గా ఏరుకోవచ్చు.

ఇక మొదటి నిమిషం. పిల్లలకి రేటు పెద్దవాళ్లకంటే తొందరగా దిగుతుంది, దాన్ని మనం ఆపలేం. మనం తగ్గించగలిగింది బెల్టుకీ ప్రోబుకీ మధ్య పోయే టైమే. మంచం ట్రెడ్‌మిల్‌కి రెండడుగుల దూరంలో ఉండాలి, ఎత్తు పిల్లాడి నడుం దాటకూడదు. పరుపుకి ఏపెక్స్ దగ్గర కోసిన ఖాళీ ఉన్న ఎకో మంచమైతే మరీ మంచిది. రెస్ట్ బొమ్మలు తీసేటప్పుడే విండో (గుండె బాగా కనపడే చోటు) దొరికిన చోట్ల స్కిన్ పెన్నుతో గీత పెట్టండి, పారాస్టర్నల్‌కి (రొమ్ము ఎముక పక్క) ఒకటి, ఏపికల్‌కి ఒకటి. తర్వాత వెతుక్కునే పని ఉండదు. బెల్టు ఆగకముందే ప్రోబు మీద జెల్ వేసి చేత్తో పట్టుకుని ఉండాలి. కూల్‌డౌన్ నడక పెట్టొద్దు. నిలబెట్టి ఆపితే కళ్లు తిరుగుతాయిగానీ, వెంటనే పడుకోబెడుతున్నాం కాబట్టి ఆ భయం తక్కువ.

ముగ్గురు మనుషులు కావాలి. ఒకరు బెల్టు ఆపి పిల్లాణ్ని మంచం మీదికి చేర్చడానికి, ఒకరు ప్రోబుకి, ఒకరు బీపీకీ టైము చదవడానికీ. "పదిహేను... ముప్పై... నలభై అయిదు" అని పైకి చదవాలి. ఇద్దరితో చేస్తే ఎక్కడో అక్కడ పది సెకన్లు జారిపోతాయి.

అన్నిటికన్నా ముఖ్యం, పరుగుకి ముందు ఓసారి ఉత్తుత్తి రిహార్సల్ చేయించండి. ఆగిన బెల్టు మీద నిలబెట్టి, "ఆపు" అనగానే దిగి, మంచం ఎక్కి, ఎడమ పక్కకి తిరిగి, ఎడమ చెయ్యి తల కింద పెట్టుకోవడం. రెండుసార్లు. పిల్లలకి ఇది ఆట, తొందరగా పట్టేస్తారు. ఊపిరి కూడా అప్పుడే నేర్పాలి: "నాన్నా, గాలి మొత్తం వదిలెయ్... ఆగు... ఆగు... ఇంక తీసుకో." ఆ రెండు మూడు సెకన్లే మన బొమ్మ. రొప్పుతున్న పిల్లాడికి అప్పటికప్పుడు చెప్తే ఛాతీ నిండా గాలి పీల్చి ఆపుతాడు, లంగ్ అడ్డం వచ్చి విండో మొత్తం పోతుంది.

ఇవన్నీ కుదిరితే మొదటి లూపు 15 సెకన్లకి, నాలుగోది 50, 60 సెకన్లకి వస్తాయి.

వశిష్ఠ_పీడీ_కార్డియో:

గోదారిగట్టు గారు చెప్పినదానికి ఒక్క అక్షరం కలపక్కర్లేదు. వ్యూల వరసా, టార్గెట్టూ నేను చెప్తాను.

85 శాతం దగ్గర ఆపడం పిల్లల్లో తప్పు. పదేళ్ల పిల్లకి 220లోంచి 10 పోతే 210, అందులో 85 శాతం 178. ఆరోగ్యంగా ఉన్న పిల్ల ఆ అంకె దాటాక కూడా హాయిగా పరుగెడుతూనే ఉంటుంది. ఈ వయసులో ట్రెడ్‌మిల్ మీద అసలు గరిష్ఠం దాదాపు 195, 200 దగ్గర ఉంటుంది, 8 ఏళ్లైనా 14 ఏళ్లైనా పెద్ద తేడా ఉండదు. 220 సూత్రం పెద్దవాళ్ల కోసం పుట్టింది. సాఫ్ట్‌వేర్ ఏం చూపించినా చూడకండి. పిల్ల మొహం ఎర్రబడి, మాట తెగి, "ఇంక నా వల్ల కాదు" అనేదాకా వెళ్లనివ్వండి. అదే సరైన పరుగు. 178 దగ్గర ఆపితే ఆ ఇరవై బీట్లలో బయటపడాల్సిన ఇస్కీమియా బయటపడదు, పైగా తక్కువ దగ్గర ఆపితే బొమ్మ తీసేలోపు రేటు ఇంకా కిందికి చేరుతుంది.

అలాగని లాగకూడని సందర్భాలు ఉన్నాయి. లోడ్ పెరుగుతుంటే సిస్టోలిక్ బీపీ పడిపోవడం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, వెంట్రిక్యులర్ టాకీకార్డియా (గుండె కింది గదుల ప్రమాదకరమైన వేగం), ఈసీజీలో ఎస్టీ భాగం 3 మిల్లీమీటర్లకి మించి దిగడం. వీటిలో ఏది కనపడినా బెల్టు అక్కడికక్కడే ఆగాలి.

ప్రోటోకాల్ సంగతి. బ్రూస్‌లో (మామూలుగా వాడే ట్రెడ్‌మిల్ పద్ధతి) మూడేసి నిమిషాలకి స్పీడు గంటకి 2.7, 4.0, 5.5, 6.8 కిలోమీటర్లు, వాలు 10, 12, 14, 16 శాతం. పన్నెండేళ్లవాడికి ఫరవాలేదు. ఏడెనిమిదేళ్ల పొట్టి పిల్లకి మొదటి స్టేజి విసుగు, మూడో స్టేజికొచ్చేసరికి పొట్టి కాళ్లకి నడకా కాదు పరుగూ కాదు, తడబడుతుంది. అలాంటివాళ్లకి స్పీడు ఒకే చోట ఉంచి, నిమిషానికి 2 శాతం చొప్పున వాలు పెంచుకుంటూ పోండి. మొత్తం 8 నుంచి 12 నిమిషాల్లో అలిసిపోయేలా చూడాలి. ముందు కడ్డీ పట్టుకుని వేలాడనివ్వొద్దు, వేళ్లు ఆనించుకోనిస్తే చాలు. పట్టుకుంటే నిమిషాలు పెరుగుతాయి, గుండె మీద పని పెరగదు.

వ్యూల వరస ఎప్పుడూ ఒకటే పెట్టుకోకండి, రెఫర్ చేసిన డాక్టరు అడిగిన ప్రశ్నని బట్టి మార్చండి. కవాసాకిలో ఎల్ఏడీ (గుండె ముందు గోడకి రక్తం తెచ్చే కరొనరీ) ఉబ్బి ఉంటే ఏపికల్ టూ చాంబర్‌తో మొదలెట్టండి, ముందు గోడ అందులో నిలువునా కనపడుతుంది. తర్వాత ఫోర్ చాంబర్, ఆ తర్వాత షార్ట్ యాక్సిస్ (గుండెని అడ్డంగా కోసినట్టు చూపే వ్యూ). ఆర్సీఏ (కుడి కరొనరీ) అయితే షార్ట్ యాక్సిస్‌లో ఇన్ఫీరియర్ (కింది) గోడ ముందు. స్విచ్ ఆపరేషన్ అయినవాళ్లలో రెండు కరొనరీలనీ కోసి కొత్త చోట కుట్టారు కాబట్టి ఏదైనా బిగుసుకోవచ్చు. వాళ్లకి షార్ట్ యాక్సిస్ మిడ్ లెవెల్ మొదట తీస్తాను, మూడు కరొనరీల ఇలాకా ఒక్క బొమ్మలో వస్తుంది. ఏపికల్ ముందా, పారాస్టర్నల్ ముందా అని పట్టుదలకి పోకండి. రెస్ట్‌లో ఏది బాగా దొరికిందో అది కూడా లెక్కలోకి తీసుకోండి.

చూడాల్సింది కదలిక కాదు, మందం కావడం. ఓపెన్ హార్ట్ అయిన చాలామంది పిల్లల్లో సెప్టం (రెండు వెంట్రికల్స్ మధ్య గోడ) అటూ ఇటూ వెర్రిగా కదులుతుంది, కానీ మందం సరిగ్గానే అవుతుంది. దాన్ని హైపోకైనీసియా (గోడ పని తగ్గింది) అని రాస్తే ఆ కుటుంబాన్ని ఉత్తపుణ్యానికి యాంజియోకి పంపినట్టు. పరుగు తర్వాత ఎల్వీ లోపలి ఖాళీ సిస్టోల్ చివర రెస్ట్‌కంటే చిన్నదవ్వాలి. అది తగ్గకుండా అలాగే ఉండిపోయినా, పెద్దదైనా, ఒక్కో గోడ విడిగా బాగున్నట్టు కనపడినా సరే, వదలకండి.

కరొనరీ పుట్టుకే తప్పు చోట ఉన్న పిల్లలూ, జెయింట్ ఎన్యూరిజం (కరొనరీలో బాగా పెద్ద ఉబ్బు) ఉన్నవాళ్లూ, అంటే 8 మిల్లీమీటర్లు దాటినవాళ్లూ లేదా జెడ్ స్కోరు (ఒంటి సైజుతో పోల్చి చెప్పే అంకె) 10 పైన ఉన్నవాళ్లూ, పక్కనే పిల్లల కార్డియాలజిస్టు లేని చోట బెల్టు ఎక్కకూడదు. గదిలో డీఫిబ్రిలేటరు ఛార్జ్ అయి ఉండాలి, పిల్లల ప్యాడ్లతో. షాక్ కిలోకి 2 జౌళ్లు, తర్వాతది 4. పిల్లల సైజు మాస్కూ బ్యాగూ కూడా. జ్వరం ఉన్నా, రుమాటిక్ కార్డైటిస్ ఇంకా చల్లారకపోయినా, మయోకార్డైటిస్ అనుమానం ఉన్నా ఆ రోజు పరీక్ష లేదు.

పాలకొల్లు_ఎకో:

చాలా ఉపయోగం అండి. ఈసీజీ గీత వణుకు గురించి ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. ఎలక్ట్రోడ్లు మూడో స్టేజికే ఊడిపోతున్నాయి. వానాకాలంలో మరీ. ఏసీ 24లో ఉంటుంది. కంపెనీ మార్చాలా?

అమలాపురం_లీడ్స్:

కంపెనీ మార్చేముందు పిల్లాడి ఛాతీ మీద వేలు పెట్టి రుద్ది చూడండి. జారుతుంది, ఆయ్. మన కోనసీమలో పిల్లల్ని ఆసుపత్రికి తెచ్చేముందు తల్లులు తలకీ ఒంటికీ కొబ్బరి నూనె పట్టించి, పైన పౌడరు అద్ది తెస్తారు. నూనె మీద పౌడరు, దాని మీద చెమట, ఇక జిగురు ఎక్కడ అంటుకుంటుంది? అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే "ఆ రోజు నూనె, పౌడరు వద్దమ్మా" అని చీటీ మీద రాసివ్వండి. అయినా రాసుకుని వస్తారు. అప్పుడు సబ్బునీళ్లు తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక స్పిరిటు పెట్టి, పొడి డ్రెస్సింగ్ గుడ్డతో (గాజ్) చర్మం కొంచెం ఎర్రబడేదాకా రుద్దాలి. స్పిరిటు ఆరకుండా ఎలక్ట్రోడ్ పెడితే మళ్లీ మొదటికే.

గదిని 20, 22 డిగ్రీల్లో పెట్టండి, పిల్లాడు రావడానికి అరగంట ముందు నుంచీ. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. 24లో పరుగెత్తిస్తే చెమట కారుతుందిగానీ ఆరదు. ఎకో చేసేవాళ్లకి చలి వేస్తుందంటారు, స్వెట్టరు వేసుకోమనండి.

చేతుల లీడ్లు ముందువైపు కాలర్ ఎముకల కిందికీ, కాళ్లవి పొత్తికడుపు మీదికీ. వీ4, వీ5 అనే ఛాతీ లీడ్లు సరిగ్గా ఏపికల్ విండో మీదే పడతాయి. వాటిని అర పక్కటెముక పక్కకి జరిపి పెట్టండి, జరిపినట్టు రిపోర్టులో రాయండి, రెస్ట్ ఈసీజీ కూడా జరిపిన చోటుతోనే తియ్యండి. వైర్లు నెట్ బనీనుతో బిగించండి. మెళ్లో తాయెత్తు, గొలుసు ఉంటే తీయించండి. తాయెత్తు తీయనంటే వీపు వైపుకి తిప్పి టేపు వెయ్యండి, గొడవ పడొద్దు.

కాళ్లకి బూట్లు. హవాయి చెప్పుల్తో వచ్చే పిల్లలు ఎక్కువ. కాన్వాస్ బూట్లు మూడు నాలుగు సైజులు గదిలో పెట్టుకుంటే పరీక్ష వాయిదా పడదు. ఇడ్లీలో, రొట్టెలో తేలిగ్గా తిని రెండు మూడు గంటలై ఉండాలి, పెరుగన్నం దట్టించి వస్తే మధ్యలో కక్కుతారు. ట్రెడ్‌మిల్ లైను యూపీఎస్ మీద ఉందో లేదో ఒకసారి చూసుకోండి. చాలాచోట్ల ఎకో మెషీన్ ఒక్కటే ఉంటుంది. కరెంటు పోతే బెల్టు టక్కున ఆగుతుంది, పిల్లాడు ముందుకి తూలతాడు. అందుకే పక్కనే ఒక మనిషి ఎప్పుడూ ఉండాలి.

భీమవరం_మైట్రల్:

రుమాటిక్ మైట్రల్ స్టెనోసిస్ పిల్లల గురించి ఎవరూ చెప్పలేదు. మన వైపు ఆ కేసులు ఇంకా వస్తున్నాయి కాబట్టి రాస్తున్నా.

వీళ్ల దగ్గర గోడల కోసం వెతుక్కుంటూ మొదటి నిమిషం పాడుచేసుకోవద్దు. ఇక్కడ ప్రశ్న ఒకటే: మంచం మీద మామూలుగా ఉన్న గ్రేడియెంటు (వాల్వుకి అటూ ఇటూ ప్రెషరు తేడా, పాదరసం మిల్లీమీటర్లలో) పరుగు తర్వాత ఎంతకి ఎక్కుతోంది, లంగ్ ప్రెషరు ఎంతకి ఎక్కుతోంది. ఏపికల్ ఫోర్ చాంబర్‌లో మైట్రల్ మీద సీడబ్ల్యూ (గీత పొడుగునా రక్తం స్పీడు కొలిచే డాప్లర్) ముందు, వెంటనే ట్రైకస్పిడ్ లీకు మీద సీడబ్ల్యూ. రెండూ 30, 40 సెకన్లలో అయిపోవాలి. 2డీ తర్వాత. ట్రైకస్పిడ్ జెట్ ఏ కోణంలో బాగా దొరుకుతుందో రెస్ట్‌లోనే చూసుకుని, డాప్లర్ స్కేలు కూడా ముందే పెంచి పెట్టుకోండి. లేకపోతే జెట్ పైకి తెగిపోయి, స్కేలు మార్చేలోపు రేటు దిగిపోతుంది.

మీన్ గ్రేడియెంటు పక్కన హార్ట్ రేట్ రాయని రిపోర్టు చెత్తబుట్టకే. రేటు పెరిగితే డయాస్టోల్ (గుండె నిండే సమయం) కుంచించుకుపోతుంది, అదే వాల్వుకి 80 దగ్గర 5 ఉన్నది 150 దగ్గర 16 కావచ్చు. రెండూ నిజమే. పరుగు తర్వాత మీన్ 15 దాటితే, లక్షణాలతో కలిపి వాల్వుకి ఏదైనా చెయ్యాలా అని ఆలోచిస్తారు, ఆ అంకె పెద్దవాళ్ల గైడ్‌లైన్లది. జెట్ 3.5 మీటర్లుంటే 3.5 వర్గాన్ని 4తో గుణిస్తే 49, దానికి ఏట్రియం ప్రెషరు కలపండి. బలంగా పరుగెత్తిన మామూలు పిల్లలకి కూడా లంగ్ ప్రెషరు కొంత పెరుగుతుంది, అదొక్కటే చూసి బెదిరిపోకండి.

ఈ, ఏ వేవులు, అంటే డయాస్టోల్‌లో మైట్రల్ గుండా రక్తం వెళ్లే రెండు అలలు, ఈ రేటు దగ్గర కలిసిపోతాయి. డయాస్టోలిక్ కొలతలు కావాలంటే రేటు 110 కిందికి దిగి రెండు వేవులూ విడిపోయేదాకా ఆగాలి. కలిసిన వేవు మీద ఈ బై ఈ ప్రైమ్ అనే నిష్పత్తి కొలిచి రాసినవి చూస్తుంటాం, అర్థం లేని అంకెలవి.

రేపల్లె_రవళి_ఎకో:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ (గుండె గోడ మందమయ్యే జబ్బు) పిల్లాడికి పరుగు తర్వాత ఎల్వీఓటీ (ఎడమ వెంట్రికల్ నుంచి రక్తం బయటికెళ్లే దారి) గ్రేడియెంటు 110 వచ్చింది. రెస్ట్‌లో 18. నమ్మొచ్చా?

భీమవరం_మైట్రల్:

ట్రేసు ఆకారం చూడండమ్మా, అంకె కాదు. ఎల్వీఓటీ జెట్ మెల్లగా మొదలై చివర్లో కత్తిలా లేస్తుంది. మైట్రల్ లీకు సిస్టోల్ మొదట్లోనే లేచి, ఏయార్టిక్ వాల్వు మూసుకున్నాక కూడా కొంచెం సాగుతుంది, నున్నగా గిన్నె బోర్లించినట్టుంటుంది. పరుగు తర్వాత రెండూ పక్కపక్కనే ఉంటాయి, ప్రోబు ఒక్క పిసరు పక్కకి వాలితే ఒకదాని బదులు ఇంకోటి పడుతుంది. అది లీకు ట్రేసే అయితే స్పీడు 5 మీటర్లు దాటడం మామూలు, అది గ్రేడియెంటు కాదు. పీడబ్ల్యూ (ఒక్క చోట స్పీడు కొలిచే డాప్లర్) శాంపిల్‌ని ఎల్వీలో ఏపెక్స్ నుంచి బయటికి జరుపుకుంటూ స్పీడు ఎక్కడ పెరుగుతోందో చూస్తే తేలిపోతుంది. ఇంకోటి, ఈ పిల్లల్లో నిలబడి ఉన్నప్పుడు గ్రేడియెంటు ఎక్కువ. పడుకోబెట్టి తీస్తే తక్కువ రావచ్చు, కాబట్టి ఏ భంగిమలో తీశారో రాయాలి. బీటా బ్లాకరు (గుండె వేగం తగ్గించే మందు) ఆపారా, వాడుతూనే చేశారా అన్నదీ రాయాలి. డాక్టరు చెప్పకుండా ఎవరూ ఆపకూడదు.

పాలకొల్లు_ఎకో:

ఆఖరి ప్రశ్న అండి. అయిదేళ్ల కవాసాకి పిల్లాడున్నాడు, బెల్టు మీద నిలబడడు, ఏడుస్తాడు. ఇంకా, అన్నీ సరిగ్గా చేసినా నాలుగో లూపు రేటు 140లోనే వస్తే రిపోర్టులో ఏం రాయాలి?

వశిష్ఠ_పీడీ_కార్డియో:

ఆరేడేళ్ల లోపు పిల్లల్ని బెల్టు ఎక్కించొద్దు. వాళ్లకి డోబ్యూటమైన్ (పరుగు బదులు గుండె వేగం పెంచే మందు). కిలోకి నిమిషానికి 5 మైక్రోగ్రాములతో మొదలెట్టి మూడేసి నిమిషాలకి 10, 20, 30, 40. రేటు ఎక్కకపోతే అట్రోపిన్ కిలోకి 0.01 మిల్లీగ్రాము చొప్పున. ఇక్కడ మంచం దూరం, రొప్పు అనే బాధలే ఉండవు, ప్రతి స్టేజిలో తీరిగ్గా తీసుకోవచ్చు. కానీ ఏడ్చే పిల్లాడికి కొంచెం మత్తు కావాలి, మత్తంటే ఎనస్థీషియా మనిషి కావాలి, కాబట్టి ఇది పిల్లల గుండె సెంటర్లో జరగాల్సిన పని. అక్కడికే పంపండి.

రిపోర్టు విషయం. ప్రతి లూపు కిందా రెండు అంకెలు: బెల్టు ఆగాక ఎన్ని సెకన్లకి, అప్పుడు రేటెంత. గరిష్ఠం 194, మొదటి లూపు 18వ సెకనులో 171, నాలుగోది 62వ సెకనులో 140 అనుకోండి. మొదటి రెండు లూపుల్లో కనపడిన గోడల గురించి గట్టిగా చెప్పండి. మిగతా గోడలకి "ఈ రేటు దగ్గర తేడా కనపడలేదు, గరిష్ఠ స్థాయిలో చూడలేదు" అని రాయండి. పరుగు ఎన్ని నిమిషాలు, ఎందుకు ఆగింది, బీపీ ఎంత, లక్షణాలేంటి కూడా. అనుమానం ఉన్న గోడే ఆ నాలుగో లూపులో పడితే, వాళ్లని ఇంకో రోజు పిలిచి ఆ వ్యూతోనే మొదలెట్టండి. అదే రోజు రెండోసారి పరుగెత్తించొద్దు, అలిసిపోయిన పిల్లాడికి రెండో పరుగులో రేటు మొదటిదాని దాకా ఎక్కకపోవచ్చు.

పాలకొల్లు_ఎకో:

మంచం ఇవాళే ట్రెడ్‌మిల్ పక్కకి జరిపించాను. ఎత్తు మాత్రం ఎక్కువ, కాళ్లు కోయించాలి.

అమలాపురం_లీడ్స్:

కోయించకండి, పీట వెయ్యండి. రబ్బరు తొడుగున్న పీట. ఉత్తుత్తి రిహార్సల్‌లో ఆ పీట కూడా ఎక్కించండి.